ఫ్రిజ్ వెనకాల మంట

మా తమ్ముడు సుధాకర్ వోన్‌మొబీల్ కొన్నాడు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, అది ఇల్లూ బండీ కలిసిన వాహనం. మంచం, వంటగట్టు, ఫ్రిజ్, స్నానాల గది, అన్నీ చక్రాల మీదే. ఈ జర్మనీలో రిటైరైనవాళ్ళకి మోకాళ్ళ నొప్పులతోపాటు ఈ బండి పిచ్చి కూడా పట్టుకుంటుంది. కొన్నవాడు కొన్నట్టుండక ఫోన్ చేసి, "నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో అక్కా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అది చల్లారకముందే ఇంకో మాట అన్నాడు. "మేం ఇటలీ వెళ్ళొచ్చేదాకా అమ్మని మ్యూనిక్‌లో నీ దగ్గర పెట్టుకో. అమ్మకి ప్రయాణాలు పడవుగా." ఆ మాట విని ఫోన్ పెట్టేశాను. కొందరి ఇళ్ళలో తాతగారి చుట్టకంపు ఉంటుంది, ఎంత కడిగినా పోదు. మా ఇంట్లో ఆ మాట అలాంటిది. అమ్మకి ప్రయాణాలు పడవు. నా చిన్నప్పుడు నాన్న అన్నాడు, తర్వాత చుట్టాలు అన్నారు, ఇప్పుడు తల నెరిసిన తమ్ముడు అంటున్నాడు. ఇన్నేళ్ళలో అది అబద్ధమని అన్నది నేనొక్కదాన్నే. అందుకు నాకు దక్కింది గయ్యాళి అన్న పేరు.

నాన్న జిండెల్ఫింగెన్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరు. గుంటూరు నుంచి వచ్చినవాడు. అప్పట్లో ఆ ఊళ్ళో తెలుగు ముక్క వినాలంటే మా ఇంట్లోనే వినాలి. చెవి మీద పెన్సిల్ లేకుండా నాన్నని చూసిన గుర్తు నాకు లేదు. టేపు పట్టి ఏదైనా కొలుస్తుంటే ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు. అన్నంలో చివరికి పెరుగు కలుపుకునేటప్పుడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగేవాడు. పులిసిందా, కంచం చేత్తో అవతలికి నెట్టేసి లేచిపోయేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. అనకపోవడమే ఆయన తిట్టు. ఆ పెరుగు కోసం అమ్మ పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. చలికాలంలో గిన్నెకి తువ్వాలు చుట్టి హీటరు పక్కన పెట్టేది, ఎండాకాలంలో తోడుకోగానే ఫ్రిజ్‌లోకి ఎక్కించేది. ఆవిడ రోజంతా ఆ గిన్నె చుట్టూ తిరిగేది.

నాన్నకి పులుపు కంటే భయం ఇంకొకటి ఉంది. వాసన. అమ్మ తాలింపు వేసే ముందు కిటికీలన్నీ బిగించాలి. మా కోట్లన్నీ వెనక గదిలోకి చేర్చి తలుపు మూసి, తలుపు కింద సందులో పాత దుప్పటి దోపాలి. ఆ తర్వాతే మూకుడులో ఇంగువ పడేది. పొద్దున్నే బడికి బయల్దేరుతుంటే నాన్న వంగి నా కోటు కాలరు వాసన చూసేవాడు. పిల్లని ముద్దు పెట్టుకుంటున్నాడని చూసేవాళ్ళు అనుకోవచ్చు. ఆయన ముక్కు నా మెడ దగ్గరికి వచ్చినప్పుడల్లా నేనేదో తప్పు చేసినట్టు బిగుసుకుపోయేదాన్ని. ఇంట్లో పులి, ఫ్యాక్టరీలో పిల్లి. ఎవరైనా జర్మన్ మనిషి మెట్ల మీద ఎదురైతే గోడకి అతుక్కుపోయి దారిచ్చే నాన్న నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తాడు. అది వినయమని అందరూ మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేదు.

అలాంటి మనిషి రొట్టెలు పంచే పాత వాన్ ఒకటి కొని, సెలవు రోజుల్లో తానే దాన్ని ఇల్లుగా మార్చాడు. లోపల ఎప్పుడూ పాత పిండి వాసన, ఇంజనాయిలు వాసన కలిసి ఉండేవి. చెక్క బల్లలు ఆయనే కోశాడు, తెరలు అమ్మ చీరల్లోంచి వచ్చాయి. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికితే దాన్నీ బిగించాడు. ఆ ఫ్రిజ్ మాకు వింత. దానికి మోటారుండదు, చప్పుడుండదు. వెనకాల ప్రొపేన్‌తో చిన్న మంట వెలుగుతుంటుంది. ఆ మంట వేడికే లోపల చల్లబడుతుంది. మంటతో చల్లదనమేమిటని అమ్మ అడిగితే, "నీకు చెప్పినా అర్థం కాదు" అన్నాడు నాన్న. అర్థం కావలసినదల్లా ఒక్కటే. మంటకి గాలి కావాలి, మంట వదిలిన పొగ బయటికి పోవాలి. అందుకని బండి పక్క రేకుకి కింద ఒకటి, పైన ఒకటి కంతలు తీసి జల్లెడ లాంటి మూతలు బిగించాడు. కింద కంతలోంచి గాలి లోపలికి, పై కంతలోంచి పొగ బయటికి. ఫ్రిజ్ వెనక భాగాన్ని మనం పడుకునే చోటి నుంచి గాలి చొరబడకుండా వేరు చెయ్యాలి కూడా. ఆ పని సగమే చేశాడు. చెక్కకి చెక్క ఆనించి, సందుల్ని అలాగే వదిలేశాడు.

ఆ ఎండాకాలం ఒక సరస్సు ఒడ్డున దిగాం. గుడారాలు, బళ్ళు, పక్కపక్కనే మడత కుర్చీలు. అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వుతూ కనిపించింది. సాయంత్రం బండిలో చారు పెట్టి తాలింపు వేసింది. ఆ వాసన కిటికీలోంచి, ఫ్రిజ్ వెనక సందుల్లోంచి, ఆ కంతల్లోంచి కూడా బయటికి పోయింది. పక్క బండి ఆవిడ ముక్కు పట్టుకుని వచ్చి, మా నాన్నతో, "మీరేం కాలుస్తున్నారు? ఇక్కడ మనుషులు ఊపిరి పీల్చుకోవాలి" అంది. నాకు జర్మన్ బాగా వచ్చు గనక ప్రతి ముక్కా అర్థమైంది. నాన్న క్షమించమన్నాడు. ఆవిడ వెళ్తుంటే మళ్ళీ క్షమించమన్నాడు. ఆవిడ వెళ్ళిపోయాక కూడా, ఎవరూ లేనివైపు చూసి ఇంకోసారి అన్నాడు. ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఆవిడ నోటికొచ్చింది అని వెళ్ళిపోయిన మనిషి. తర్వాతది చేసింది మా ఇంటి మనిషి.

మర్నాడు పొద్దున నాన్న అమ్మని పాత గుడ్డ అడిగాడు. ఆకుపచ్చ చీర ఒకటి చిరిగి ఉంది. ఎర్రంచుది. అమ్మ దాన్ని రెండు ముక్కలు చేసి ఇచ్చింది. నాన్న ఆ ముక్కల్ని రెండు కంతల్లోనూ లోపలికంటా కుక్కి, మళ్ళీ మూతలు బిగించేశాడు. "ఇంక వాసన బయటికి పోదు" అన్నాడు. ఇంజినీరు. కంతలు తీసిందీ ఆయనే, ఎందుకు తీశాడో తెలిసిందీ ఆయనకే. పరువు పోతుందన్న భయం తలకెక్కితే చదివిన చదువు ఎటు పోతుందో ఆ రోజు చూశాను. పక్కన నిలబడి మెచ్చుకోలుగా చూస్తున్నవాడు మా తమ్ముడు. అప్పటికింకా బూట్లకి ముడి వేసుకోవడం కూడా రాదు వాడికి.

ఆ సాయంత్రమే అమ్మకి తలనొప్పి మొదలైంది. మర్నాడు కొండ దారిలో ఇటలీ వైపు బయల్దేరాం. బండి నడిచేటప్పుడు గ్యాస్ కట్టేసి ఫ్రిజ్‌ని బ్యాటరీ మీద పెట్టాలి. ఆ సంగతి అమ్మినవాడే చెప్పాడు. కానీ బ్యాటరీ మీద అది అంతంతమాత్రంగా చల్లబడేది, పెరుగు పులిసిపోయేది. అందుకని గ్యాస్ మీదే ఉంచాడు నాన్న. నేనూ తమ్ముడూ ముందు సీట్లో నాన్న పక్కన కూర్చున్నాం, కిటికీలు దించి. మాకూ వెనక్కీ మధ్య తెర. అమ్మ వెనక ఫ్రిజ్ పక్క బల్ల మీద పడుకుంది. "తల పగిలిపోతోందండీ" అని తెర వెనక నుంచి అంది. "కాఫీ సరిగ్గా తాగలేదు, పడుకో" అన్నాడు నాన్న. కాసేపటికి కడుపులో తిప్పుతోందంది. "మలుపులు కదా, కళ్ళు మూసుకో" అన్నాడు. తర్వాత అమ్మ ఇంకేమీ అనలేదు. ఆయనకి అదే కావాలి.

కొండ మీద బండి ఆపితే, తమ్ముడికి మంచినీళ్ళ కోసం నేను పక్క తలుపు లాగాను. అమ్మ బల్ల మీంచి సగం జారి ఉంది. కక్కుకుంది. బుగ్గలు మాత్రం జ్వరం వచ్చినట్టు ఎర్రగా ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. ఆవిడ చంకల కింద చేతులు వేసి లాగుతూ నేను అరిచిన అరుపు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. ఎవరెవరో పరిగెత్తుకొచ్చారు, గడ్డి మీద పడుకోబెట్టారు. చల్లగాలికి కాసేపటికి కళ్ళు తెరిచింది గానీ నన్ను గుర్తుపట్టలేదు. అంబులెన్స్ కోసం చూస్తున్నప్పుడు నాన్న ఏం చేశాడో తెలుసా? అమ్మ దగ్గర కూర్చోలేదు. గ్యాస్ బండ కట్టేసి, బండి అవతలి పక్కకి వెళ్ళి, పై కంత మూత విప్పి, మసిగొట్టుకుపోయిన చీర ముక్క లాగి, చెత్త డబ్బాలో వేసి వచ్చాడు. అటూ ఇటూ చూసుకుంటూ వేశాడు. నేను చూస్తున్నానని మాత్రం చూసుకోలేదు.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది నేను నా చెవులతో విన్నాను. గాలి సరిగా ఆడక మంట విషం కక్కింది, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు. నాన్న తల ఊపుతూ అంతా విన్నాడు. అమ్మ వైపు తిరిగి తెలుగులో, "వడదెబ్బట. నీ ఒంటికి ప్రయాణాలు పడవట" అన్నాడు. "కాదమ్మా, గ్యాస్" అని నేనంటే, "చిన్నపిల్ల, దానికేం తెలుసు" అన్నాడు. అమ్మ నా చెయ్యి నొక్కి, "ఊరుకోవే" అంది. నేను ఊరుకోలేదు. ఇంటికొచ్చాక అన్నాను, పెళ్ళిళ్ళలో అన్నాను, నాన్న స్నేహితుల ముందు అన్నాను. అన్నప్పుడల్లా నాన్న నవ్వి, "మా అమ్మాయికి ఊహలెక్కువ" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు.

ఆ తర్వాత అమ్మ లేకుండానే ఆ బండి యూరప్ అంతా తిరిగింది. బయల్దేరే ముందు రోజు అమ్మ పులిహోర కలిపేది, పెరుగు తోడుపెట్టేది, డబ్బాలు సర్దేది. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపేది. ఆవిడని చంపబోయిన ఫ్రిజ్‌లో ఆవిడ చేసిన పెరుగు ఊళ్ళు చూసొచ్చేది. నేను ఒకట్రెండు సార్లు వెళ్ళి, తర్వాత రానని మొండికేసి అమ్మతో ఉండిపోయాను. నాకు తెలుగు రాయడం, చదవడం వచ్చింది ఆ సెలవుల్లోనే. వంటగట్టు మీద బియ్యప్పిండి పరిచి అమ్మ దిద్దించింది.

ఇక నాన్న జాగ్రత్తపరుడైపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, కాకపోతే ఇక్కడ కాలిన చేతులు ఒకరివి, ఆకులు పట్టుకున్నది ఇంకొకరు. క్రమంగా స్టుట్‌గార్ట్ చుట్టుపక్కలకి తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు వచ్చారు, వాళ్ళూ బళ్ళు కొన్నారు. కొన్న ప్రతివాడికీ నాన్న పాఠం చెప్పేవాడు. ఇంజను స్టార్ట్ చేసే ముందు గ్యాస్ బండ కట్టెయ్. నడుస్తున్నంతసేపూ బ్యాటరీ మీదే ఉంచు, ముందు రోజే ఇంటి కరెంటు మీద బాగా చల్లబరుచుకో. పెట్రోలు బంకులో మంట ఉండకూడదు. ఆపిన చోట బండి వాలు లేకుండా ఉండాలి, వాలితే ఆ ఫ్రిజ్ పని చెయ్యదు. మంట నీలంగా ఉండాలి, పసుపుగా మారితే ఆపెయ్. అన్నీ నిజాలే. అన్నీ పనికొచ్చేవే. కంతలు మూయొద్దని మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్తే, ఎందుకని అడుగుతారు. పాఠాలన్నీ విని ఇంటికెళ్ళినవాళ్ళలో ఎవరైనా చలేస్తోందనో, వాసనొస్తోందనో కంత మూసి ఉంటే ఏమయ్యేదని తలుచుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నాన్న పోయినప్పుడు ఎంతమందిని ఆయన జాగ్రత్త కాపాడిందో చెప్పుకున్నారు. నేను లేచి బయటికి వెళ్ళిపోయాను.

ఇదంతా మింగి జిండెల్ఫింగెన్ వెళ్ళాను, అమ్మని తెచ్చుకోవడానికి. తమ్ముడి ఇంటి ముందు తెల్లటి బండి, బానెట్ మీద పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. పూజ అప్పుడే అయింది, మరదలు కవిత లోపల గారెలు వేస్తోంది. అమ్మ ఎండలో కుర్చీలో కూర్చుని ఉంది. అమ్మ బ్యాగు తెచ్చి నా కార్లో పెట్టాడు తమ్ముడు. పక్కింటి జర్మన్ ముసలావిడ కంచంలో గారెలు పెట్టుకుని చట్నీ ఇంకాస్త అడుగుతోంది. ఇప్పుడు ఇక్కడ కాఫీ హోటళ్ళలో పసుపు కలిపిన పాలు అమ్ముతున్నారు. ముక్కు పట్టుకున్నవాళ్ళ మనవలు వాటి కోసం వరసలో నిలబడుతున్నారు. అమ్మ ఏ వాసనకి చచ్చిపోబోయిందో ఆ వాసన ఇప్పుడు ఫ్యాషన్. లోకం మారింది, నేను కాదనను. ఆ మార్పు అమ్మకి ఆలస్యంగా వచ్చింది, అందుకే మెచ్చుకోను కూడా.

నేను ఒక బహుమతి తీసుకెళ్ళాను. మంట కక్కే విషవాయువుని పసిగట్టి కూత పెట్టే చిన్న డబ్బా. తమ్ముడు దాన్ని చూసి నవ్వి, పక్కన పడేశాడు. "ఎందుకక్కా, నాన్న రూల్సన్నీ నాకు కంఠతా వచ్చు. పైగా గుద్దుకుంటే గ్యాస్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటుంది. పరీక్ష చేయించి స్టిక్కర్ కూడా వేయించాను. అపాయింట్‌మెంట్ దొరకడానికే ఎంత కష్టమైందో తెలుసా?" అంటూ బండి చుట్టూ తిప్పి చూపించాడు. ఫ్రిజ్ ఉన్న వైపుకొచ్చాం, అదీ గ్యాస్‌దే. రెండు గాలి కంతల మీదా ప్లాస్టిక్ మూతలు నిండుగా బిగించి ఉన్నాయి. మంచు రోజుల్లో పెట్టుకునే మూతలవి. అంచుల చుట్టూ టేపు కూడా అంటించాడు.

"ఇవేమిట్రా, జూలైలో?"

"అదా!" అని మురిసిపోయాడు. "నాన్న చిట్కా అక్కా. నాకు బాగా గుర్తు. ఆ సరస్సు దగ్గర ఇలాగే మూసేశాడు, వాసన బయటికి పోకుండా. కవిత బండిలో చేపల పులుసు పెడతానంటోంది. క్యాంపింగ్‌లో పక్కవాళ్ళతో గొడవెందుకని పరీక్ష అయ్యాక అంటించాను."

నేను గోళ్ళతో టేపు లాగడం మొదలుపెట్టాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని, మూత ఊడబెరికి గడ్డిలోకి విసిరేశాను. "ఆ చిట్కా అమ్మని చంపబోయింది. ఇప్పుడు నీ పెళ్ళాన్ని పడుకోబెడతావా అందులో?" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్కింటావిడ గారె నోటి దగ్గరే ఆపేసింది. కవిత గుమ్మంలోకి వచ్చింది.

"మళ్ళీ మొదలెట్టావా అక్కా? పోయినాయన్ని కూడా వదలవా? అది వడదెబ్బ."

"వడదెబ్బ కాదురా."

అన్నది అమ్మ. కర్ర ఊతంతో లేచి నిలబడింది. "ఆసుపత్రి నుంచి వచ్చాక బండి నేనే కడిగాను. పై ముక్క మీ నాన్న తీసేశాడు, కింది ముక్క మర్చిపోయాడు. నా చీర నేను గుర్తుపట్టనా? ఎర్రంచు నల్లగా కాలిపోయింది. అక్క చెప్పింది నిజమని ఆ రోజే తెలిసింది."

తమ్ముడు నా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. నాకు మాత్రం సంతోషం వేయలేదు. గుండెల్లో ఇంకో మంట రేగింది. "తెలిసీ ఇన్నేళ్ళు నన్ను గయ్యాళి అననిచ్చావా అమ్మా? ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ నాన్న తలెత్తుకుని ఈ ఊళ్ళో తిరిగేవాడా? నువ్వు గట్టిదానివి, నీకేం కాదనుకున్నాను. అది తప్పే." కర్రని రెండో చేతిలోకి మార్చుకుంది. "ఆయన పరువు నిలబడనీ అని ఇంట్లో కూర్చున్నాను. కూర్చుంటే, ఎప్పుడో ఒకప్పుడు, నువ్వూ రావే అంటాడనుకున్నాను. ప్రతిసారీ పులిహోర కలుపుతూ అదే అనుకునేదాన్ని. ఒక్కసారి అడగలేదు. డబ్బాలు తీసుకుని వెళ్ళిపోయేవాడు."

ఆవిడ గొంతులో క్షమ లేదు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో కోపం నా ఒక్కదానిదే అనుకున్నాను. అమ్మది నాకంటే పాతది, నాకంటే పెద్దది. నేను అరుస్తూ తగలేసుకున్నాను, ఆవిడ దాచుకుంది. అంతే తేడా.

"నాకు ప్రయాణాలు పడవని మీ నాన్న అన్నాడు, నువ్వు అంటున్నావు. నేనెప్పుడైనా అన్నానా?" అని తమ్ముణ్ణి అడిగింది. "ఇటలీ అన్నావుగా. నా బ్యాగు అక్క కార్లోంచి తీసి ఇందులో పెట్టు. ముందు సీటు నాది."

"అమ్మా, ఈ వయసులో నీకు..." అన్నాడు వాడు. ఆ తర్వాత రావలసిన మాట వాడి నోట్లోనే ఉండిపోయింది. బ్యాగు కోసం నా కారు దగ్గరికి వెళ్ళాడు. కవిత వచ్చి రెండో మూత ఊడబెరికింది. నేను తెచ్చిన డబ్బాని అమ్మ వెతికి తీసుకుని చీర చెంగుతో తుడిచింది. దాన్ని తన దగ్గరే ఉంచుకుంటుందనుకున్నాను. నా చేతికిచ్చి, "మంచం పక్కన బిగించు, ఊడకుండా" అంది.

నేను బిగించి దిగేసరికి అమ్మ ఇంకా ఎక్కలేదు. ఫ్రిజ్ కంతల దగ్గర నిలబడి ఉంది. కర్ర బండికి ఆనించి, కింది కంత మీద అరచెయ్యి పెట్టి, గాలి ఆడుతోందో లేదో తనే చూసుకుంటోంది.